శనివారం పులుసు, కరెంటు పొయ్యి

ప్రతి శనివారం సాయంత్రం వంటింట్లోంచి అమ్మ ఒకటే ప్రశ్న అడిగేది. "మే, వాసన ఎట్టుండాది?"

నేను ముందు గదిలో చాప మీద కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ ఉండేదాన్ని. తలెత్తకుండానే "బాగుందిలేమా" అనేదాన్ని. ఆ మాట చెవిన పడగానే అమ్మ చట్టి దించేసేది. దాదాపు రెండేళ్లు ఇలాగే నడిచింది. వయసు మీద పడేకొద్దీ మా అమ్మకు మెప్పు మీద యావ పెరిగిందని నేను అనుకునేదాన్ని. ఒక్కోసారి నవ్వొచ్చేది, ఒక్కోసారి విసుగొచ్చేది. విసుగే ఎక్కువ, అబద్ధం ఎందుకు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బడిలో పిల్లలు కూడా చెబుతారు.

అల్లూరులో మేడ మీద రెండు గదుల వాటాలో నేనూ అమ్మా ఉంటాం. నేను ఇక్కడి బడిలో లెక్కలు చెబుతాను. వంట మొత్తం అమ్మది. అందులో మళ్ళీ శనివారం చేపల పులుసుకి ఒక పద్ధతి ఉంది. శనివారం సాయంత్రం మట్టి చట్టిలో కాచి, రాత్రంతా కదపకుండా ఉంచి, ఆదివారం ఆరాధన అయ్యాక తినాలి. అది కూడా ముందు మేం కాదు. మొదటి డబ్బా పాస్టరమ్మ గారింటికి పోవాలి. దేవుని సేవకుల ఇంటికి పోయేదాన్ని ఎంగిలి చెయ్యకూడదని అమ్మ పులుసును రుచి చూడదు. నా చిన్నతనం నుంచీ చూస్తున్నాను, నాలుక మీద ఒక్క చుక్క వేసుకోదు. ఉప్పూ కారం చేతి అంచనా. ముక్క ఉడికిందీ లేనిదీ వాసన. "పచ్చివాసన పోయి మామిడికాయ వాసన ముందుకొస్తే దించెయ్యాల" అనేది. అంతకు మించి ఆ వంటకి కొలతలేమీ లేవు.

ఇంకో పద్ధతి, గరిటె పెట్టకూడదు. పెడితే ముక్క చితికిపోతుంది. మసిగుడ్డతో చట్టిని రెండు పక్కలా పట్టుకుని, పొయ్యి మీంచి కాస్త లేపి, గాల్లోనే మెల్లగా గుండ్రంగా తిప్పాలి. తిప్పినంతసేపూ అమ్మ ఒక పాట పల్లవి కూనిరాగం తీసేది. పల్లవి అయిపోయేసరికి తిప్పడం అయిపోయేది.

ఆ శనివారం బడి నుంచి వస్తున్నాను. మూడు దాటితే మా ఊళ్ళో రొయ్యల గుంటల మీదుగా సముద్రపు గాలి మొదలవుతుంది. మెట్ల మొదట్లోనే గ్యాస్ వాసన కొట్టింది. కింది వాటా వాళ్ళదేమో అనుకున్నాను. వాళ్ళ తలుపుకి తాళం ఉంది. పైకి పోయేకొద్దీ వాసన ఎక్కువైంది. చెప్పులు విప్పానో లేదో నాకు గుర్తు లేదు.

అమ్మ పొయ్యి ముందు నిలబడి ఉంది. తూర్పు కిటికీ గట్టిగా మూసి ఉంది. గాలి ఎక్కువగా ఉందని తనే మూసిందట. కానీ అంతకుముందే గాలి మంటను ఆర్పేసింది. వెడల్పాటి చట్టి కింద అది కనపడలేదు. అమ్మ పొయ్యి గట్టు కిందనే పీట మీద కూర్చుని మామిడికాయలు తరుక్కుంది. పులుసు ఎంతకీ పొంగు రాకపోతే లేచి, వంగి చూసి, మంట ఆరిందని గమనించి, లైటర్ చేతిలోకి తీసుకుంది.

"వెలిగించబాకమా" అని అరిచాను.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. నేను పొయ్యి కట్టేసి, సిలిండర్ కట్టేసి, కిటికీలూ తలుపులూ బార్లా తెరిచి, అమ్మ చెయ్యి పట్టుకుని మెట్ల మీదికి లాక్కొచ్చాను. ఆమె చేతిలో లైటర్ ఇంకా అలాగే ఉంది. నా మొహంలోకి చూసి, "ఏమైంది మే?" అంది.

ఆ ప్రశ్నతో నాకు అంతా అర్థమైంది. అంత వాసనలో అరగంట కూర్చున్న మనిషి అడగాల్సిన ప్రశ్న కాదది.

"నీకు వాసన రాలా?"

"జలుబు చేసుండాది" అంది, పక్కకు చూస్తూ.

"ఎప్పటి నుంచి?"

మెట్టు మీద కూర్చుని చెప్పింది. రెండేళ్ల కిందట ఇద్దరం జ్వరంతో పడుకున్నప్పటి నుంచట. నాకు ముక్కు నెల తిరక్కుండా బాగుపడింది. తనది బాగుపడలేదు. అగరుబత్తీ లేదు, మల్లెపూలు లేవు, మాడిన పాలు లేవు, ఏదీ లేదు. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. నేను మెట్ల మీదే ఒంటికాలి మీద లేచాను. ఇద్దరం కాలిపోయి ఉండేవాళ్ళమన్నాను, ఇల్లు ఎగిరిపోయి ఉండేదన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. భయం వేసినప్పుడు నాకు ఏడుపు రాదు, నోరు లేస్తుంది. చివరికి, ఇక వంటింట్లోకి రావద్దు, సోమవారం నుంచి కర్రీ పాయింట్‌లో తెచ్చుకుందాం అన్నాను.

అంతవరకూ అమ్మ లైటర్‌ని కొంగుతో తుడుస్తూ విన్నది. అప్పుడు మాత్రం, "అందుకే మే నేను చెప్పలా. చెప్తే పొయ్యి కాడికి పోనీవు. పొయ్యి తీసేస్తే నేను ఈ ఇంట్లో ఏం జెయ్యాల, గోడలు జూస్తా కూర్చోవాల్నా?" అంది. 

ఆ రాత్రి ఇద్దరం అన్నం తినలేదు. నాకు ఆమె అడిగిన ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాసన ఎట్టుండాది, వాసన ఎట్టుండాది. పులుసు దించాలో వద్దో తెలీక నా ముక్కును అడుగుతూ వచ్చింది. నేను పుస్తకాల్లోంచి తలెత్తకుండా మార్కులేసినట్టు బాగుందిలే అంటూ వచ్చాను. ఇన్నాళ్లూ పులుసు చెడలేదంటే అది ఆమె చేతి చలవే.

తెల్లారాక ఒప్పందానికి వచ్చాం. నేను ఇంట్లో లేనప్పుడు గ్యాస్ వెలిగించకూడదు. దానికి బదులు కరెంటు పొయ్యి కొందాం, మంట లేదు, ఆరిపోయేది లేదు, కారేది లేదు. అమ్మ ఒప్పుకుంది. ఆమె షరతు ఒక్కటే. "నా ముక్కు సంగతి ఎవురికీ చెప్పబాక. పాస్టరమ్మ గారికి అసలు చెప్పబాక. తెలిస్తే పులుసు వద్దంటారు." నేను మాటిచ్చాను.

కొట్టుకి పోయేముందు ఇంట్లో గిన్నెలకు పరీక్ష పెట్టాం. అయస్కాంతం అతుక్కునే గిన్నెలే ఆ పొయ్యి మీద పనికొస్తాయని మా బడిలో సైన్సు టీచరు చెప్పింది. చర్చిలో ఎండాకాలం పిల్లలకు పాఠాలు చెప్పినందుకు నాకిచ్చిన అయస్కాంతం ఒకటి ఫ్రిజ్జు తలుపుకి ఉంది, బైబిల్ వాక్యం రాసింది. అమ్మ దాన్ని తీసుకుని గిన్నెగిన్నెకూ ఆనించి చూసింది. అల్యూమినియం తపేలా పట్టుకోలేదు. ఇత్తడి గిన్నె పట్టుకోలేదు. స్టీలు వాటిలో కొన్ని పట్టుకున్నాయి, కొన్ని జార్చేశాయి. చివరగా మట్టి చట్టికి ఆనించింది. అది పట్టుకోదని ఆమెకూ తెలుసు. అయినా రెండుసార్లు ఆనించి చూసింది. తర్వాత చట్టిని కడిగి, తుడిచి, సంచిలో పెట్టుకుంది.

"అదెందుకమా?" అన్నాను.

"చూపిస్తా. కొట్టాయనకి ఏదన్నా మార్గం తెలుసేమో" అంది.

మా ఊరి బజారులో ఫ్యాన్లూ మిక్సీలూ బాగు చేస్తూ కొత్తవి కూడా అమ్మే కొట్టు ఒకటుంది. నడిపే ఆయన్ని అందరూ సాయిబన్న అంటారు. కొన్నదాన్ని ఇంటికొచ్చి బిగించిపోతాడు, అదొక నమ్మకం. అమ్మ ముందు చట్టిని బల్ల మీద పెట్టింది. ఆయన చట్టిని చూశాడు, అమ్మను చూశాడు.

"ఇది మటుకు కుదరదమ్మా. కింద ఇనుప పళ్ళెం పెట్టి కాచేవాళ్ళు ఉండారు గాని, వేడి సరిగ్గా ఎక్కదు, పొయ్యికీ మంచిది కాదు. నేనైతే ఇవ్వను" అన్నాడు.

"ఇనుప బాణలి?"

"భేషుగ్గా."

"ఇనుములో చింతపండు పోస్తే పులుసు నల్లబడదా అన్నా?" అంది అమ్మ, ఆయనే పోసినట్టు.

"అయితే అడుగు మందమైన స్టీలు గిన్నె తీసుకోండి" అని ఆయనే దారికొచ్చాడు.

పొయ్యిలు నాలుగైదు రకాలున్నాయి. నేను కాగితం మీద రాసుకొచ్చిన ప్రశ్నలు అడగబోయాను, ఎన్ని వాట్లు, ఎన్నేళ్ల గ్యారంటీ. అమ్మకు అవేవీ పట్టలేదు. నల్లగా అద్దంలా ఉన్న ఒకదాని మీద వేలు పెడితే చాలు పని చేస్తుందని సాయిబన్న చూపించాడు. అమ్మ అక్కడున్న చెంబులో చెయ్యి ముంచి తడి వేలితో నొక్కింది. పలకలేదు. "చేపలు కడిగే చెయ్యి ఎప్పుడు పొడిగా ఉంటుంది?" అని దాన్ని పక్కన పెట్టించింది. నొక్కితే లోపలికి పోయే మీటలున్నవి రెండు మిగిలాయి.

"అన్నా, గిన్నె ఎత్తితే ఏమవద్ది?" అంది.

"ఎందుకెత్తుతారమ్మా?"

"పులుసు తిప్పేదానికి."

సాయిబన్న కూడా ఈ ఊరివాడే, వేరే వివరం అడగలేదు. స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి మొదటి పొయ్యి మీద పెట్టి వెలిగించాడు. అమ్మ కొంగుతో గిన్నె అంచులు పట్టుకుని, లేపి, గుండ్రంగా తిప్పుతూ కూనిరాగం మొదలుపెట్టింది. పొయ్యి కీచుమంది. పల్లవి సగంలో ఉండగానే పూర్తిగా ఆగిపోయింది. గిన్నె తిరిగి పెట్టినా రాలేదు, మళ్ళీ మీటలన్నీ నొక్కాల్సి వచ్చింది. "దీనికి ఓపిక లేదు" అంది అమ్మ. రెండోదాని మీద పెట్టారు. ఎత్తి తిప్పింది. అది కూడా కీచు కీచుమంటూనే ఉంది, కానీ ఆగలేదు. పల్లవి మొత్తం అయిపోయాక గిన్నె కింద పెట్టగానే మళ్ళీ అందుకుంది. కొట్టులో సరుకు కొనడానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఇదంతా చూస్తూ నిలబడిపోయారు. "ఇదే కావాల" అంది అమ్మ. కంపెనీ పేరు కూడా అడగలేదు.

మర్నాడు సాయిబన్న వచ్చి, వంటింట్లో ఉన్న చిన్న ప్లగ్గు ఈ బరువు మొయ్యదని, లావు తీగ లాగి పెద్ద ప్లగ్గు పెట్టి వెళ్ళాడు. వారమంతా అన్నం, పప్పు, చారు దాని మీదే అయ్యాయి. నేను బడిలో ఉండి కూడా నిమ్మళంగా పాఠం చెప్పుకున్నాను. నా పని అయిపోయిందని అనుకున్నాను, నా పొరపాటు అక్కడే మొదలైంది.

శనివారం వచ్చింది. కొత్త గిన్నెలో బొచ్చె చేప ముక్కలు, పులుసు, మామిడికాయలు. అమ్మ సంబరం చూసి నేను ముందు గదిలో పరీక్ష పేపర్లు పెట్టుకుని కూర్చున్నాను. కూనిరాగం వినిపించింది, పొయ్యి కీచుమనడం వినిపించింది. ఆ తర్వాత ఏం జరిగిందో మర్నాడు తెలిసింది. స్టీలు అంచు చట్టి అంచు కాదు, మసిగుడ్డ దాటి చురుక్కున కాలింది. అమ్మ గిన్నెను గట్టు మీద దించి, గుడ్డను నాలుగు మడతలు వేసుకుని, మళ్ళీ ఎత్తి తీరిగ్గా తిప్పి పొయ్యి మీద పెట్టింది. ఆ లోపల పొయ్యికి ఉన్న ఓపిక కూడా అయిపోయి ఆగిపోయింది. మంట ఉండే పొయ్యి కాదు కాబట్టి వంగి చూసినా కనిపించేదేమీ లేదు. మీటల దగ్గర ఎర్రదీపం ఆరిందని చూడాలన్న అలవాటు ఆమెకింకా రాలేదు. గిన్నె వేడికి పులుసు పైన ఆవిరి వస్తూనే ఉంది. గడియారం చూసుకుని కాసేపు ఆగి, అడిగింది.

"మే, వాసన ఎట్టుండాది?"

అన్నీ తెలిసి కూడా, గ్యాస్ సంగతి జరిగి పక్షం తిరక్కుండానే, నేను ఎర్రపెన్నుతో సున్నా చుడుతూ, తలెత్తకుండా అన్నాను. "బాగుందిలేమా."

ఆదివారం పొద్దున డబ్బా పాస్టరమ్మ గారింట్లో ఇచ్చి ఆరాధనకు వెళ్ళాం. మధ్యాహ్నం ఇంట్లో కంచాల ముందు కూర్చున్నాం. అమ్మ ప్రార్థన చేసి, ముక్కను వేళ్ళతో విడదీయబోయి ఆగింది. ముక్క ముల్లును పట్టుకునే ఉంది. ముల్లు పక్కన ఎర్రగా ఉంది.

"ముల్లు వదల్లా మే" అంది. ముక్కను కంచంలో వదిలేసి, "నిన్న నువ్వు వాసన జూసినావా?" అంది.

నేను చూడలేదని చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేది. అమ్మ గిన్నె తీసుకుపోయి, ఎర్రదీపం వెలిగిందని వంగి చూసుకుని, మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. నలభై ఏళ్లు ఆమె చేతి అన్నం తిన్నదాన్ని, ఆమె నా దగ్గర అడిగిందల్లా ఒక్క నిమిషం లేచి రమ్మని.

సాయంత్రం పాస్టరమ్మ గారు ఖాళీ డబ్బా తీసుకుని వచ్చారు. ఖాళీది ఇవ్వకూడదని అందులో నాలుగు అరటిపళ్ళు పెట్టారు. కూర్చుని, మంచినీళ్ళు తాగి, మెల్లగా అడిగారు. "నిన్న మీకు గ్యాస్‌గాని అయిపోయిందా అమ్మా? ముక్క కాస్త పచ్చిగా ఉంటే నేను మళ్ళీ పొయ్యి మీద పెట్టుకున్నా."

ఇచ్చిన మాట గుర్తొచ్చి నేను తొందరగా అందుకున్నాను. "కొత్త పొయ్యి కదండీ, దాంతో..."

"తప్పు పొయ్యి మీద బెట్టబాక" అంది అమ్మ. గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "పొయ్యిది గాదు పాస్టరమ్మ గారూ. నాకు వాసన తెలీడంలా. రెండేళ్ళయింది. దాన్ని అడిగి దించతా ఉండా. దానికి బడి పనితో తీరదు."

రెండేళ్లు నా దగ్గర దాచిన మాట, ఎవరికి తెలియకూడదనుకుందో వాళ్ళకే చెప్పేసింది. నా నిర్లక్ష్యాన్ని కూడా బడి పని కింద కప్పిపెట్టింది. నా కళ్ళు నిండిపోయాయి.

పాస్టరమ్మ గారు ఖాళీ గ్లాసు కింద పెట్టారు. తర్వాత, "అయితే వచ్చే వారం మాకు పులుసు పంపరా ఏంది?" అన్నారు.

అమ్మకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక, "ఎందుకు పంపం. పంపతాం" అని అరటిపళ్ళు లోపలికి తీసుకెళ్ళిపోయింది. లోపల చాలాసేపు గిన్నెలు సర్దిన చప్పుడు వినిపించింది.

ఆ తర్వాతి శనివారం నేను పేపర్లు బడిలోనే వదిలేసి వచ్చాను. పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. కూనిరాగం, కీచు కీచు, గిన్నె కింద పెట్టడం, ఎర్రదీపం వంక చూసుకోవడం. కాసేపయ్యాక అడిగింది. నేను లేచి, గిన్నె మీదికి వంగి, కళ్ళు మూసుకుని వాసన చూశాను. ఇన్నేళ్లుగా ముక్కు కిందే ఉన్నదాన్ని మొదటిసారి గట్టిగా పీల్చాను.

"ఇంకా పచ్చివాసన ఉందమా. మెంతులు ముందొస్తుండాయి. మామిడికాయ ఇంకా రాలా."

అమ్మ తలాడించి ఇంకోసారి తిప్పింది. మళ్ళీ అడిగింది. ఈసారి మామిడికాయ వచ్చింది. చెప్పాను. పొయ్యి కట్టేసింది. గిన్నె దించి, మూత పెట్టకుండా దాని ఎదురుగా నిలబడి, "ఇంకా చెప్పు" అంది.

"అయిపోయిందిగామా, దించేసినావుగా."

"దించేసినాలే. పులుసు కోసం గాదు మే." కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది. "నాకు రెండేళ్ళ నుంచి ఇల్లంతా నీళ్ళు కాగినట్టే ఉండాది. ఊరికే చెప్పు. వినాలని ఉండాది."

నేను మళ్ళీ వంగాను. వేయించిన ఆవపొడి అన్నాను. కరివేపాకు, కాస్త మాడిన ఎల్లిపాయ అన్నాను. చింతపండు కాగి తియ్యబడిందన్నాను. వెనక కిటికీలోంచి ఉప్పుగాలి వస్తోందని, దాంతో కలిసి చిన్నప్పుడు మన ఇల్లు ఎట్టుండేదో అట్టే ఉందని చెప్పాను. అమ్మ గట్టుకు ఆనుకుని, కళ్ళు మూసుకుని వింటోంది. నాకు తెలిసిన వాసనలన్నీ అయిపోయిందాకా చెబుతూనే ఉన్నాను.